ఆదివారాల కంప్యూటర్

మార్చి 3, సోమవారం

మా ఇంటి జడ్జిగారు, అదే మా పిల్ల, తీర్పు చెప్పేశారు. షోరూములో రెడీగా దొరికేది వద్దట. పార్టులు విడివిడిగా కొని సొంతంగా బిగించుకుంటుందట.

నెలరోజులుగా ఇంట్లో ఇదే గోల. ఆటలాడుకోవడానికి ఒక కంప్యూటరు, అదీ తక్కువ బడ్జెట్లో. నేను మొదటినుంచీ రెడీమేడ్ పక్షమే. ఒకే పెట్టె, ఒకే బిల్లు, ఒకే వారంటీ. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెడితే అయిపోయే పనికి ఇంత తంటా ఎందుకు? నా వాదనంతా ఓపిగ్గా విని, పెన్సిలు చెవి మీద దోపుకుని, జడ్జిగారు మొదలుపెట్టారు.

"అక్కడే ఉంది బాబాయ్ మతలబు. రెడీమేడ్‌ది అమ్మేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు పేరు ఇంతింత అక్షరాల్లో వేస్తారు. పవర్ సప్లై ఏ కంపెనీదని అడిగి చూడు, నీళ్ళు నములుతారు. బయట రంగురంగుల లైట్లు, లోపలంతా కక్కుర్తి. మనం బిగించుకుంటే అదే ఖర్చుకి ఆట బాగా నడుస్తుంది. రేపు ఏదైనా మార్చుకోవాలన్నా మన చేతిలో పని."

"మరి బిగించేదెవరు?" అన్నాను, నువ్వున్నావుగా అంటుందేమోనని.

"నాన్న ఉన్నాడుగా" అంది.

నాన్నంటే నేను కాదు. మా ఆవిడ మొదటి భర్త, లిఫ్టు మెకానిక్కు. ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు, ఆ తాగుడికే కాపురం పోయింది. మానేసి చాలాకాలమైంది. చేతుల వణుకు మాత్రం మిగిలిపోయింది. నెలకో ఆదివారం వచ్చి కూతుర్ని బయటికి తీసుకెళ్ళి సాయంత్రానికి దింపుతాడు. ఇకమీదట కంప్యూటరు పూర్తయ్యేదాకా ప్రతి ఆదివారమూ వస్తాడట. ఆయన మా గడప తొక్కడం మా ఆవిడకి ఇష్టముండదు కనక నా కళ్ళజోళ్ళ షాపులో బిగించుకోమన్నాను. వెనకగదిలో నా బల్ల ఉంది, వెలుతురు బాగుంటుంది, ఆదివారం షాపుకి సెలవు. పార్సిళ్ళు కూడా షాపుకే రమ్మన్నాను.

ఇంత పెద్దమనసు ఎవరికుంటుందని మా ఆవిడ మెచ్చుకుంది. నాకేం అభ్యంతరం? ఏమీ లేదు.

మార్చి 6, గురువారం

షోరూము మీదుగా వచ్చాను. రెడీమేడ్‌ది బాగానే ఉంది. మూడేళ్ళ వారంటీ. ఊరికే చూశాను.

మార్చి 9, ఆదివారం

కంప్యూటరు డబ్బా, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు ఇప్పటికే వచ్చి ఉన్నాయి. కార్డు సెకండ్ హ్యాండుది. ఎవరి దగ్గరో బేరమాడి కొన్నారు తండ్రీకూతుళ్ళు. ఆయన బ్రష్షు పెట్టి దాని దుమ్మంతా దులిపాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. స్క్రూ బిగించాల్సి వస్తే స్క్రూడ్రైవరు కూతురి చేతికిస్తాడు. "నేను చెప్తా, నువ్వు తిప్పు. గట్టిగా తిప్పకు, ఆగిందనిపించగానే ఆపెయ్" అంటాడు. అది నాలుక బయటపెట్టి తిప్పుతుంది. ఇద్దరూ ఏదో పాత సంగతి చెప్పుకుని పడీపడీ నవ్వారు. లిఫ్టులో ఇరుక్కున్న బట్టతలాయన కథట. నాకు సగమే వినపడింది.

ముందుగదిలో కూర్చుని, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడిచాను.

ఆదివారం పొద్దున్న మేమిద్దరం క్యారమ్స్ ఆడేవాళ్ళం. నేను కావాలని ఓడిపోతున్నానని దానికి తెలుసు, తెలియనట్టు గెలిచేది. ఇవాళ బోర్డు మంచం కిందే ఉండిపోయింది. పిల్లలన్నాక పెరుగుతారు. దానికి బాధపడేదేముంది?

మార్చి 12, బుధవారం

మదర్‌బోర్డు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ఇంకేం విశేషం లేదు.

మార్చి 13, గురువారం

నిన్న రాసింది అబద్ధం. నా డైరీలో నాకే అబద్ధం రాసుకునే స్థితికి వచ్చాను.

నిన్న మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. పెట్టె బల్ల మీదుంది. లోపల ఏముందో చూద్దామనుకున్నాను, అంతే. అంతేనా? కాదు. ఆదివారం వాళ్ళిద్దరూ తలలు ఆనించుకుని చూడబోయేదాన్ని ముందు నేను చూడాలనిపించింది. వాళ్ళకన్నా ముందు.

బోర్డు మధ్యలో ప్రాసెసరు కూర్చునే చోటుంది. దానిమీద నల్లటి ప్లాస్టిక్ కప్పు. దాని పక్కనున్న కడ్డీ లేపితే కప్పు చేతికొచ్చింది. కింద బంగారు రంగు సూదులు, వెంట్రుకలంత సన్నవి, వరసలు వరసలుగా. నేను కళ్ళజోళ్ళలో చీమ తలంత స్క్రూలు బిగించేవాణ్ణి, నాకే ముచ్చటేసింది. ఇంకా దగ్గరగా చూద్దామని వంగాను. చొక్కా జేబులో నా చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. అది జారి పడింది. తిన్నగా సూదుల మీద.

చప్పుడు కూడా సరిగా రాలేదు. ఓ మూల నాలుగైదు సూదులు పక్కకి వాలిపోయాయి.

కప్పు మళ్ళీ పెట్టబోతే సరిగా కూర్చోలేదు. ఊరికే పైన ఆనించి, బోర్డుని కవర్లో పెట్టి, పెట్టె మూసి, ఎలా ఉందో అలాగే బల్ల మీద పెట్టేశాను. సరిగ్గా అప్పుడే ఒకావిడ చూపు పరీక్షకి వచ్చింది. "కింద వరస చదవండి" అని నేను చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఇవాళ చెప్పేస్తాను.

మార్చి 14, శుక్రవారం

చెప్పలేదు. పిల్లకి పరీక్ష ఉంది. పరీక్ష ముందు మనసు పాడుచెయ్యడం ఎందుకు?

కిందటి నెల ఓ పెద్దాయన ఫ్రేము బిగిస్తుంటే నా చేతిలో విరిగింది. విరిగిన నిమిషానికే చెప్పాను, నాదే పొరపాటండీ అని. ఆయన నవ్వేశాడు. అంత తేలికైన పని అది.

మార్చి 15, శనివారం

వంగిన సూదులకి వారంటీ వర్తించదట. ఫోన్లో చదివాను. రెడీమేడ్‌ది కొని ఉంటే ఈ బాధే ఉండేది కాదు.

మార్చి 16, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. పిల్ల పక్కన నిలబడింది. నేను టీ పెట్టే నెపంతో గుమ్మం దగ్గరే ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి, పెట్టె తెరిచేలోగా చెప్పాలి అని మనసులో ఒకటే పోరు. ఆయన పెట్టె తెరిచాడు. కవర్లోంచి బోర్డు తీశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. ముందుగదిలో బాబాయి టార్చి ఉంటుందేమో, తెచ్చిపెట్టు."

అది వెళ్ళింది. ఆయన బోర్డు మీదికి వంగాడు. వీపు నావైపు ఉంది, ఏం చేశాడో నాకు కనపడలేదు. పిల్ల టార్చి పట్టుకుని వచ్చేసరికి "అయ్యయ్యో" అన్నాడు.

"చెయ్యి జారిందమ్మా. సూదులు వంగిపోయాయి."

పిల్ల టార్చి వేసి చూసింది. ఆయన దానివైపే చూస్తున్నాడు, అదేదో చెబుతుందని ఎదురుచూస్తున్నట్టు. ఎందుకలా చూశాడో నాకు అర్థం కాలేదు. చివరికి అది "పర్లేదు నాన్నా" అంది. ఆయన తలూపి, రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

నేను టీ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను.

ఆయన వేలు నిజంగానే తగిలి ఉండొచ్చు. నేను వంచినవి నాలుగో అయిదో. ఆయన చెయ్యి పడి మిగతావీ వంగి ఉండొచ్చు. అలాగైతే తప్పులో సగం ఆయనది. సగం కన్నా ఎక్కువే.

మార్చి 17, సోమవారం

"మళ్ళీ మొదలుపెట్టాడు" అంది మా ఆవిడ, పిల్ల బడికి వెళ్ళగానే.

"ఏంటి?"

"తాగుడు. ఇంకేంటి? స్క్రూ కూడా పిల్ల చేత తిప్పిస్తున్నాడంటే నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఎన్ని చూశానండీ నేను! పొద్దున్నే వణికే చేతులు, సాయంత్రానికి మాయమయ్యే డబ్బులు."

"పాత వణుకేమోలే" అన్నాను. అంతవరకే అన్నాను.

నా ఎదుటే ఆయనకి ఫోను చేసింది. తాగట్లేదని డాక్టరు చేత రాయించుకొచ్చేదాకా ఆదివారాలు లేవని చెప్పేసింది. నెలకొకటి కూడా లేదు. ఆయన ఎదురు చెప్పలేదు. "సరే" అన్నాడట. "చూశారా, తప్పు చేశాడు కాబట్టే నోరు లేవలేదు" అని మా ఆవిడ నాతో అంది.

తప్పు చేసినవాడు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

ఆదివారాలు లేవు. నాకు కావాల్సింది ఇదేనా? ఇది కాదు. ఇంత కాదు.

మార్చి 18, మంగళవారం

రెడీమేడ్‌ది కొనేద్దాం అంది జడ్జిగారు. వాదన లేదు, తీర్పు లేదు. కొనేద్దాం బాబాయ్, అంతే.

మార్చి 19, బుధవారం

షోరూముకి వెళ్ళాం. అమ్మే కుర్రాడు లైట్లు వెలిగించి, ఆర్పి, రంగులు మార్చి చూపించాడు. పవర్ సప్లై ఏ కంపెనీదని పిల్ల అడగనేలేదు. నేనే అడిగాను. వాడు నీళ్ళు నమిలాడు. దానికి నవ్వు రాలేదు.

"నీకు నచ్చిందా?" అన్నాను.

"నీ ఇష్టం బాబాయ్." కాసేపాగి నావైపు చూడకుండా అంది. "తప్పు నాది. నాన్న చేతి సంగతి తెలిసీ బోర్డు ఆయన చేతికిచ్చాను. ఆయనకి చేసి పెట్టాలని ఉంటుంది కదా అని ఇచ్చాను. నేనే తీసుంటే అమ్మ ఫోను చేసేది కాదు."

తప్పు చెయ్యనివాళ్ళు ఇద్దరు, ఒకళ్ళని మించి ఒకళ్ళు నెత్తిన వేసుకుంటున్నారు. చేసినవాణ్ణి నేను, బ్యాంకు కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఈ రంగు బాగాలేదని చెప్పి కొనకుండా వచ్చేశాను.

మార్చి 20, గురువారం

సూదుల్ని నేనే నిలబెడితే? అవి సరైపోతే చెప్పాల్సిన అవసరమే ఉండదు కదా.

మార్చి 21, శుక్రవారం

మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నాను. భూతద్దం కంటికి పెట్టుకుని, సన్న పట్టకారుతో ఒక్కో సూదినీ పక్క సూది వంపు చూసుకుంటూ లేపాను. ఒకటి విరిగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాను. విరగలేదు. ఎన్ని వంగి ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను కూడా. అయిదు. నా స్క్రూడ్రైవరు పడిన ఆ మూలే. ఇంకెక్కడా ఒక్కటి కూడా కదల్లేదు.

అంటే ఆయన వేలు తగలనేలేదు.

మిగతా పార్టులు అప్పటికే వచ్చి ఉన్నాయి, బడి అయ్యాక పిల్లని షాపుకి రమ్మన్నాను. ప్రాసెసరు అది పెట్టింది, ర్యామ్ అది పెట్టింది, కార్డు బిగించింది. మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది, తెర మీద బొమ్మ వచ్చింది. ఒక్క అరుపు అరిచి నా మెడకి వేలాడింది. ఈ మధ్య అలా వేలాడటం మానేసింది, పెద్దదయ్యానని. ఇవాళ వేలాడింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెంటనే వాళ్ళ నాన్నకి ఫోను చేసింది, స్పీకరు పెట్టి. "నాన్నా, వచ్చేసింది! బాబాయే సరిచేశాడు. సూది సూదినీ లేపాడట, అస్సలు చెయ్యి కదలకుండా! నువ్వు చూడాల్సింది!"

"మంచిదమ్మా. బాబాయికి నా థాంక్స్ చెప్పు" అన్నాడాయన.

ఇంటికొస్తే మా ఆవిడ "మీవి బంగారం లాంటి చేతులండీ" అంది. అన్నం సగంలోనే లేచి ఆ చేతులు కడుక్కున్నాను.

మార్చి 23, ఆదివారం

కంప్యూటరు ఇంటికి తెచ్చి పిల్ల గదిలో పెట్టాం. ఆట పెట్టింది. పదినిమిషాలు కూడా ఆడలేదు, తెర ముందు ఊరికే కూర్చుంది. "క్యారమ్స్ ఆడదామా?" అని తనే అడిగింది. ఆడాం. నిజంగానే ఓడిపోయాను, ఒక్క కాయీ పడలేదు. కావాలనే ఓడిపోతున్నాననుకుని అది నవ్వింది.

ఇంక నాలోని ఈ మనిషిని నేను మోయలేను.

మార్చి 24, సోమవారం

ఆయన పనిచేసే చోటికి వెళ్ళాను. ఎత్తయిన ఆఫీసు భవనం కింద, కార్లు పెట్టే చోట చిన్న గది. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన్ని పైకి ఎక్కనివ్వట్లేదట, ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. నన్ను చూసి కంగారుగా లేచాడు.

"పిల్ల బాగానే ఉందాండీ?"

"బాగానే ఉంది. మీరు కూర్చోండి." కూర్చుంటే చెప్పలేనేమోనని నేను నిలబడే చెప్పాను. "ఆ సూదులు వంచింది నేను. పార్సిల్ వచ్చిన రోజునే విప్పి చూశాను. జేబులోంచి స్క్రూడ్రైవరు జారి పడింది. ఎవరికీ చెప్పలేదు. మీ చెయ్యి జారలేదని నాకు తెలుసు."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే వెళ్ళాను. ఫోను మోగింది. ఆయన ఎత్తి, "మూడో నంబరు లిఫ్టా? పంపిస్తున్నానండీ" అని చెప్పి పెట్టేశాడు.

"కవర్లోంచి తియ్యగానే కప్పు ఊడొచ్చింది" అన్నాడు మెల్లగా. "కొత్త బోర్డుకి అలా ఊడదు. సూదులు చూశాను. పిల్ల ఆగలేక ముందే విప్పి చూసుకుందనుకున్నానండీ. టార్చి తెమ్మని పంపి, నా చెయ్యి జారిందన్నాను. నా చెయ్యి ఎలాగూ వణికేదే కదా. నామీద ఇంకొకటి పడితే ఏముంది? దాన్ని వాళ్ళమ్మ తిట్టకుండా ఉంటే చాలనుకున్నా."

"ఆవిడ ఆదివారాలు ఆపేసినప్పుడైనా చెప్పాల్సింది కదండీ!"

"ఎలా చెప్తాను? చెప్తే పిల్ల మీదికి పోతుంది." మొహం తుడుచుకున్నాడు. "ఒక్కటే బాధేసింది. వచ్చి చెబుతుందిలే అని చూశాను. ఆ రోజు చూశాను, తర్వాత రోజూ ఫోను కోసం చూశాను. చెప్పలేదు. తండ్రి మీద నింద పడుతుంటే నోరు మూసుకుని చూస్తోందే, దీనికి నా పిరికితనమే వచ్చిందే అనుకున్నా. నేనూ అలాంటివాణ్ణే కదండీ ఒకప్పుడు. వారం రోజులు నా కూతుర్ని నేను తక్కువ చేసుకున్నాను."

అప్పుడు ఏడ్చాడు. నామీద కోపంతో కాదు. దాని తప్పు లేదని తెలిసినందుకు.

బోర్డు పాడుచేశాననుకున్నాను నేను ఇన్నాళ్ళూ. నేను పాడుచేసింది ఏమిటో ఆ గదిలో నిలబడ్డాక తెలిసింది. క్షమించండి అన్నాను. ఆయన ఆ మాటకి జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

మార్చి 25, మంగళవారం

పిల్లనీ, వాళ్ళమ్మనీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆయన ఎందుకు తనమీద వేసుకున్నాడో కూడా చెప్పాను. ఎందుకు విప్పి చూశావని పిల్ల అడిగింది. కుతూహలం అందామని నోటిదాకా వచ్చింది. "మీ ఇద్దర్నీ చూసి కుళ్ళుకున్నాను" అన్నాను.

మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళి ఆయనకి ఫోను చేసింది. తలుపు వేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చి, నావైపు చూడకుండా "ఆదివారం వస్తాడు" అని పిల్లతో చెప్పింది. తర్వాత నాతో, "ఆయన మీద నేను అన్న మాటలన్నీ మీరు పక్కనే కూర్చుని విన్నారు" అంది. అంతే అంది.

జడ్జిగారు ఏ తీర్పూ చెప్పలేదు. గదిలోకి పోయింది. స్క్రూలు విప్పుతున్న చప్పుడు వినపడింది.

మార్చి 26, బుధవారం

కంప్యూటరు మొత్తం విప్పేసింది. నడుస్తున్నదాన్ని. ఏ పార్టుకి ఆ పార్టు దాని పెట్టెలో పెట్టి, హాల్లో గోడవారన పేర్చింది. "ఆదివారం నాన్నా నేనూ మొదటినుంచీ బిగించుకుంటాం. షాపు తాళాలు కావాలి" అని వాళ్ళమ్మతో అంది, నేను అక్కడే ఉండగా.

తాళాలు బల్ల మీద పెట్టాను.

మార్చి 28, శుక్రవారం

మాట్లాడటం లేదు. అన్నం దగ్గర కూర అందిస్తే తీసుకుంది. దానికే సంబరపడ్డాను.

మార్చి 30, ఆదివారం

రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. పొద్దున్నే వెళ్ళి షట్టరు తీసి, ముందుగదిలో కూర్చున్నాను. ఈసారి అద్దాలు తుడవలేదు.

ఆయన వచ్చి నాకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళాడు. లోపల్నుంచి మాటలు వినపడుతున్నాయి. "నువ్వు పెట్టు నాన్నా." "వద్దమ్మా, నువ్వే." "నువ్వే పెట్టు. వంగితే బాబాయి ఉన్నాడుగా, లేపుతాడు." ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో నా వాటా ఏమిటో నాకు తెలుసు. అయినా బాగుందనిపించింది.

కాసేపటికి పిల్ల గుమ్మంలోకి వచ్చింది. "బోర్డు కింద స్క్రూ పడిపోయింది. టార్చి పట్టేవాళ్ళు కావాలి" అంది. లేచాను. గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ముందు జేబు ఖాళీ చెయ్యి బాబాయ్."

స్క్రూడ్రైవరు తీసి దాని అరచేతిలో పెట్టాను. పెన్ను కూడా తీసిచ్చాను. జేబు లోపలికంటా చూసి, పక్కకి తప్పుకుంది.

ప్రాసెసరు ఆయనే పెట్టినట్టున్నాడు, అప్పటికే సరిగ్గా కూర్చుని ఉంది. నేను టార్చి వేసి పట్టుకున్నాను. ఇద్దరూ తలలు ఆనించుకుని వెతుకుతున్నారు. వెలుతురు ఒక చోట నిలవడం లేదు, బోర్డంతా తిరుగుతోంది.

"కాస్త కదలకుండా పట్టుకోండి" అన్నాడాయన.

కదలకుండానే పట్టుకున్నాననుకున్నాను. నా చెయ్యి వణుకుతోంది.